ఫోను పాఠానికి అక్షింతలు

పెళ్లిచూపులనాడు మా నాయిన వచ్చినవాళ్లతో "పిల్ల డిగ్రీ చదువుతాంది" అని గొప్పగా చెప్పాడు. అందులో అబద్ధమేమీ లేదు. ఆ తర్వాత పెళ్లయింది, కూతురు పుట్టింది, అది బడికి పోవడం కూడా మొదలుపెట్టింది. నా గురించి ఎవరడిగినా మా ఇంట్లో మాత్రం అదే జవాబు, "కోడలు డిగ్రీ చదువుతాంది" అని. ఇంత కాలం చదివితే గొడ్లకు సూదులిచ్చే డాక్టరన్నా అయిపోయేదానివని మా ఆయన ఎకసెక్కం.

దూరవిద్యలో బి.ఎ. కట్టాను. తెలుగు, చరిత్ర, రాజనీతి ఏదోలా గట్టెక్కాయి గాని అర్థశాస్త్రం ఒక్కటి కొరకరాని కొయ్యయి కూర్చుంది. రాసినప్పుడల్లా తప్పాను. ఇక ఆ ఏడాది తెలిసిన సంగతేమిటంటే, నా రిజిస్ట్రేషన్ గడువు అయిపోవస్తోంది, నాకు మిగిలింది ఒకే ఒక్క పరీక్ష. అది కూడా తప్పితే పాసైన పేపర్లు సైతం లెక్కలోకి రావు, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. మళ్లీ మొదలుపెట్టే ఓపిక నాకు లేదని నాకు తెలుసు. నేను పప్పు ఉడికిందా లేదా అని క్షణానికోసారి మూత తీసి చూసే రకం.

ఊళ్లో చెప్పేవాళ్లు లేరు. జనగామ పోయి ట్యూషన్ చెప్పించుకుందామంటే బచ్చన్నపేట దిక్కు మా పల్లె నుంచి బస్సు పట్టుకుని పోయి రావడానికే దినం సరిపోతుంది. అప్పుడు కాలేజీ పిల్లలెవరో చెప్పారు, ఫోనులో పాఠాలు ఉంటాయి, పెద్ద పెద్ద సార్లు చెప్తారు, ఎవరైనా వినొచ్చు, పైసా అడగరు అని. తెరిచి చూస్తే కళ్లు తిరిగాయి. అర్థశాస్త్రమే కాదు, చుక్కల గురించి, తేనెటీగల గురించి, పాత రాతి శాసనాల గురించి, భూకంపాల గురించి, లోకంలో మనిషి చదవదగ్గదంతా అక్కడే ఉంది. ఇంత సరుకు పెట్టుకుని ఎవరూ తలుపు దగ్గర నిలబడి అడ్డుకోకపోవడం నాకు మొదట్లో నమ్మబుద్ధి కాలేదు.

మొదటి రోజు మధ్యాహ్నం వంట ముగించి, వంటింటి గడప దగ్గర చాప మీద కాళ్లు బారజాపి పడుకుని, ఫోనును ఉల్లిగడ్డల బుట్టకు ఆనించి పాఠం పెట్టాను. సారు "నమస్కారం" అన్నాడో లేదో, వాకిట్లో పత్తి కట్టె విరుస్తున్న మా అత్తమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుని చెంబుతో నీళ్లు పట్టుకుని లోపలికొచ్చింది.

"ఎవలొచ్చిండ్రు బిడ్డా?"

"ఎవలు రాలె అత్తమ్మా. ఫోన్ల సారు. పాఠం చెప్తాండు."

ఆమె ఫోను వంక చూసింది, నా కాళ్ల వంక చూసింది, ఉల్లిగడ్డల బుట్ట వంక చూసింది. "సారొస్తె గట్ల పండుకుంటవా? సారును తీస్కపోయి ఉల్లిగడ్డలకాడ కూసుండవెడ్తవా?" అని, లోపలికి పోయి పీట తెచ్చింది. పీట తుడిచి ఫోనును దాని మీద నిలబెట్టమంది. నన్ను లేచి సక్కగా కూర్చోమంది. చెంబు నీళ్లు కూడా పీట పక్కనే పెట్టింది. ఆ నీళ్లు ఎవరు తాగుతారని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

మా అత్తమ్మ బడి మొహం చూడలేదు. పత్తి, కందులు, కోళ్లు, ఏడాది పొడుగునా నోములు, వాటి కథలు, అంతే ఆమె లోకం. నోము కథ ఎవరింట్లో చెప్పినా మా అత్తమ్మను పిలుస్తారు. కథ చెప్పడానికి కాదు, వినడానికి. ఆమె వినే తీరు అట్లాంటిది. వేళకు "ఊ" అంటుంది. ఊ కొట్టేవాళ్లు లేకపోతే చెప్పేవాళ్ల నోరు ఎండిపోతుందని ఆమె నమ్మకం. ఆనాడు కూడా నా పక్కన కూర్చుని, గిరాకీ అంటే ఏమిటో, సప్లయి అంటే ఏమిటో సారు చెప్తుంటే ఒక్కో మాటకూ "ఊ" అంటూ పోయింది. సారు ముచ్చటగా మాట్లాడుతున్నాడనీ, సినిమాల్లో జమీందార్ల లెక్క మాట్లాడుతున్నాడనీ మధ్యలో నా చెవిలో చెప్పింది.

పాఠమయ్యాక అసలు ప్రశ్న వచ్చింది.

"ఏం దీస్కుంటడు గీ సారు?"

"ఏం దీస్కోడు అత్తమ్మా. పుక్యానికే చెప్తడు."

"పుక్యానికా?" ఆమె మొహంలో సంతోషం కాదు, భయం కనపడింది. "పుక్యానికి ఇన్న చదువు వంటవట్టది బిడ్డా. ఏదో ఒకటి ఇయ్యాలె."

"ఎవలకిస్తం? గాయన యాడుంటడో మనకేం ఎరుక?"

అత్తమ్మ అప్పటికి ఊరుకుంది. మర్నాడు నేను పాఠం పెట్టబోతుంటే గిన్నెలో పసుపు కలిపిన బియ్యం తెచ్చింది. నా కుడిచేతిలో కొన్ని పోసి గుప్పిట మూయించింది, తన చేతిలో కొన్ని పట్టుకుంది. "నోము కత ఇన్నట్టె ఇను. కత ఒట్టి చేతులతోని ఇంటె ఫలం దక్కది. సారు ఏం దీస్కోకపోతె గది సారు మంచితనం. మనం మాత్రం చెయ్యి ఒట్టిగ పెట్టద్దు."

నాకు నవ్వు, కోపం ఒకేసారి వచ్చాయి. కుడిచేతిలో బియ్యం ఉంటే రాసుకునేదెట్లా? ఫోను ముట్టుకునేదెట్లా? నాకున్న అలవాటేమిటంటే పాఠాన్ని కాసేపు వినడం, విసుగొస్తే ముందుకు జరపడం, లేదంటే రెట్టింపు వేగం పెట్టి పరిగెత్తించడం. ఒకసారి అట్లా వేగం పెట్టాను కూడా. అత్తమ్మ కంగారుపడి "సారుకు బస్సు పోతాందా ఏంది? ఎందుకు గట్ల ఉరుకుతాండు?" అంది. మామూలుగా పెట్టేదాకా ఊ అనలేదు. ఇక నడుమ ఆపడం అంటే ఆమె దృష్టిలో మహాపాపం. నోరు తెరిచిన సారును నడుమల ఆపద్దు, మొదలైన కత నడుమల లేవద్దు. నోము కథ మధ్యలో లేచిపోయినవాళ్లకు ఏమేం జరిగిందో ఆమె దగ్గర పెద్ద చిట్టా ఉంది. మొగుడు తప్పిపోయిన వాళ్లు, బర్రె ఎండిపోయిన వాళ్లు, అందరూ ఉన్నారు అందులో.

అట్లా గుప్పిట మూసుకుని వినక తప్పలేదు. పాఠం చివర సారు "ధన్యవాదాలు" అనగానే అత్తమ్మ లేచి తన గుప్పిట్లో బియ్యం నా నెత్తి మీద వేసేది, నేను నా చేతిలోవి పీట దగ్గర పోసేదాన్ని. అప్పుడు గాని నాకు కలం పట్టుకునే వీలుండేది కాదు. గుర్తున్నంత గబగబా రాసుకునేదాన్ని. గుర్తులేనిది మర్నాడు మళ్లీ మొదటినుంచి వినడమే. నేను సణుక్కునేదాన్ని గాని, ఎన్నేళ్లుగానో ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలిన అర్థశాస్త్రం ఆ మధ్యాహ్నాల్లో నిజంగానే నాలో నిలవడం మొదలుపెట్టింది.

పైగా అత్తమ్మ పాఠాన్ని పాఠంగా వినేది కాదు. అందులో మనుషులు ఎవరొచ్చినా వాళ్ల యోగక్షేమాలు కావాలి. క్షీణోపాంత ప్రయోజన సిద్ధాంతం అని ఒకటుంది, నోరు తిరగని పేరు. సారు దానికి రొట్టెల ఉదాహరణ చెప్పాడు. ఆకలిగా ఉన్న మనిషికి మొదటి రొట్టె ఇచ్చినంత తృప్తి రెండోది ఇవ్వదు, రెండోది ఇచ్చినంత మూడోది ఇవ్వదు, చివరికి ఇంకొక్క రొట్టె తింటే వెగటే మిగులుతుంది. పాఠమయ్యాక అత్తమ్మ బియ్యం నా నెత్తిన వేయకుండా ఆలోచనలో పడింది.

"గాయన గన్ని రొట్టెలు తిన్నడు గద. ఇంట్ల పెండ్లాం తిన్నదా?"

"సారు చెప్పలె అత్తమ్మా."

"ఆయనకు కడుపు నిండినంక గూడ ఇంకోటి చేసిచ్చుడేంది? గా రొట్టె ఆమెకిస్తె ఆమెకు మొదటి రొట్టె గాదా?"

రొట్టె చేసింది హోటలువాడేమో అన్నాను. ఆమె నమ్మలేదు. చాలా రోజుల తర్వాత కూడా చపాతీలు చేస్తున్నప్పుడల్లా ఆ రొట్టెల మనిషి పెళ్లాం ఆమెకు గుర్తొచ్చేది. నాకైతే సిద్ధాంతం ఇక ఈ జన్మలో మరిచిపోకుండా పట్టుబడింది.

ఇబ్బంది ఎక్కడ వచ్చిందంటే, ఒక పాఠం అయిపోగానే ఫోను తనంతట తానే ఇంకో పాఠం మొదలుపెట్టేది. అది అర్థశాస్త్రమే కావాలనే నియమం దానికి లేదు. నేను ఆపబోతే అత్తమ్మ "సారు నోరు తెరిచిండు, ఇగ ఆపద్దు" అనేది. పరీక్ష దగ్గరపడుతుంటే నేను తేనెటీగలు ఒకదానికొకటి దారి ఎట్లా చెప్పుకుంటాయో విన్నాను. కాకతీయుల చెరువులకు తూములు ఎట్లా కట్టారో విన్నాను. అగ్నిపర్వతాల గురించి విన్నాను. లోపల పళ్లు నూరుకున్నాను. అత్తమ్మకు మాత్రం ఏ సబ్జెక్టయినా ఒకటే, చెప్పేది సారయితే చాలు. తేనెటీగల పాఠమైన మర్నాడు మా పెరట్లో తుట్టె కొట్టడానికి వచ్చినవాణ్ని ఆమె కసిరి పంపింది.

అట్లాగే ఒకనాడు చుక్కల పాఠం మొదలైంది. ఈ సారు పుస్తకభాషలో మొదలుపెట్టాడు గాని, నడుమ ఎక్కడో మైమరిచి "గట్ల కాదు పిల్లలు, గిట్ల సూడుండ్రి" అనేశాడు. అత్తమ్మ మొహం చేటంతయింది. నా మోకాలు మీద చరిచి "మనోడే బిడ్డా, మన దిక్కోడే" అంది. "మన మాట సినిమాలల్ల నవ్వులాటకే అనుకుంటి ఇన్నొద్దులు. పాఠం గూడ చెప్తదన్నట్టు." ఆ సారుకు ఆమె కొట్టినన్ని ఊలు ఇంకెవరికీ కొట్టలేదు. చుక్క ఎట్లా పుడుతుందో, ఎట్లా మండుతుందో చెప్తుంటే కళ్లార్పకుండా వింది. ఆ తర్వాత సారు, చుక్క కూడా ముసలిదవుతుంది, లోపల మండేదంతా అయిపోయిన రోజున చచ్చిపోతుంది అన్నాడు.

ఊ రాలేదు. పక్కకు చూసేసరికి అత్తమ్మ లేచి నిలబడి ఉంది. సారు మాట్లాడుతూనే ఉన్నాడు. ఆమె వాకిట్లోకి పోయి గుప్పిట్లో బియ్యం కోళ్లకు చల్లేసింది.

"అత్తమ్మా, కత అయిపోలె."

"సావు కత. గియి నెత్తి మీద ఎయ్యరు" అని చెప్పి మిరపమళ్ల దిక్కు వెళ్లిపోయింది.

నా గుప్పిట్లో బియ్యం అట్లాగే ఉన్నాయి కాబట్టి, ఆమె నియమం ప్రకారం నేనొక్కదాన్నే చివరిదాకా విన్నాను. సాయంత్రం మా ఆయనకు ఈ సంగతి నవ్వుతూ చెప్పబోయాను. ఆయన నవ్వలేదు. ఆయన చిన్నప్పుడే మా మామయ్య పోయాడు. నాయిన ఏడి అని పిల్లలు ఏడిస్తే అత్తమ్మ వాళ్లను వాకిట్లోకి తెచ్చి ఆకాశంలో చుక్కను చూపించేదట. పిల్లలు పెద్దవాళ్లయి ఆ మాట మరిచిపోయారు గాని ఆమె మరిచిపోలేదు. నేనూ చాలాసార్లు చూశాను, పొద్దుగూకాక వాకిట్లో నిలబడి ఒక్క నిమిషం పైకి చూసి అప్పుడు దీపం వేస్తుంది. వానొస్తుందేమోనని చూస్తుందనుకునేదాన్ని. ఆ చుక్క ఈ చుక్క అని లేదట, ముందుగాల ఏది కనపడితే అదే మామయ్య.

మర్నాడు ఆ పాఠం మిగతా సగం ఆమెకు వినిపించాలని ఎంతో అనుకున్నాను. ఫోను మీద చుక్కల బొమ్మ కనపడగానే ఆమె "గది వద్దు" అంది. మళ్లీ అడగలేదు నేను.

ఇంతలో భూపాలపల్లిలో మా వదినకు, అంటే అత్తమ్మ కూతురికి, గర్భసంచి ఆపరేషన్ అయింది. వదిన భర్త బొగ్గుబాయిలో పనిచేస్తాడు. షిఫ్టుల మనిషి. ఆమెను చూసుకోవడానికి అత్తమ్మ మూట కట్టుకుని బయల్దేరింది. అప్పటికి నా పరీక్ష నెత్తి మీదికి వచ్చింది. నిజం చెప్పొద్దూ, బస్సు కదలగానే నాకు రెక్కలొచ్చాయి. అత్త లేని కోడలు ఉత్తమురాలు అని ఊరికే అనలేదు. ఇంటికి రాగానే పీట మూలన పెట్టాను, కాళ్లు బారజాపాను, రెట్టింపు వేగం పెట్టాను. నచ్చనిచోట దాటేశాను. ఒక పాఠంలో సగం, ఇంకో పాఠంలో పావు, ఎన్ని విన్నానో. రోజంతా విన్నాక కలం తీసుకుంటే కాగితం మీద ఒక్క ముక్క రాదు. సగటు నుంచి అంకెలు ఎంత దూరం జరిగాయో తేల్చే క్రమవిచలనం లెక్క మొదలుపెడితే సగం దారిలో నన్ను వదిలి ఎటో పోతోంది. ఆ వారమంతా ఇంట్లో మా ఆయన మీద, కూతురి మీద, కోళ్ల మీద, అందరి మీదా అరిచాను. భయం పట్టుకుంది. ఈసారీ తప్పుతానని లోపల రూఢి అయిపోయింది.

వదిన ఆరోగ్యం అడగడానికి ఫోను చేసి, అత్తమ్మ గొంతు వినగానే ఏడ్చేశాను.

"మీరు పోయినంక ఒక్క ముక్క ఎక్కుతలేదు అత్తమ్మా."

"నేనేం జేస్తి బిడ్డా? నాకు గా లెక్కలు తెల్వయి గద."

"మీరేం జెయ్యద్దు. ఊకె కూసుండి ఊ అనుండ్రి."

అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం రెండు ఫోన్లు పెట్టేదాన్ని. మా ఆయన పాత ఫోనులో పాఠం, నా ఫోనులో భూపాలపల్లి. పీట మళ్లీ బయటికొచ్చింది, గిన్నెలో పసుపు బియ్యం వచ్చాయి. సారు గొంతు నా ఫోనులోంచి అక్కడి క్వార్టర్‌లోకి పోయేది, అత్తమ్మ ఊ అక్కణ్నుంచి వచ్చేది. ఒక్కోసారి సిగ్నల్ చాలక ఊ ఆలస్యంగా వచ్చేది. సారు ఇంకో సంగతిలోకి వెళ్లాక పాత సంగతికి ఊ వినపడేది. అయినా నాకు ప్రాణం లేచొచ్చినట్టుండేది.

వారం తిరక్కుండానే ఒక్క ఊ కాస్తా నాలుగైదు గొంతుల ఊ అయింది. ఏమిటా అని అడిగితే వదిన నవ్వలేక, కుట్లు నొప్పి పుడుతుంటే పొట్ట పట్టుకుని చెప్పింది. ముసలామె బియ్యం పట్టుకుని కళ్లు మూసుకుని ఏదో వింటుంటే, చుట్టుపక్కల క్వార్టర్ల ఆడవాళ్లు ఏదో నోము అనుకుని తామూ బియ్యం పట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టారట. ఏ నోమని అడిగితే అత్తమ్మ "మా కోడలి నోము" అందట. పక్క క్వార్టర్‌లోని ముస్లిం ఆమె వదినకు రోజూ జావ తెచ్చేది. ఆమె కూడా కూర్చునేది. "గామె బియ్యం పట్టది గని, నెత్తి మీద కొంగు తియ్యది. అందరికంటె మంచిగ ఇంటది" అని అత్తమ్మ మెచ్చుకుంది. ద్రవ్యోల్బణం గురించి, పంచవర్ష ప్రణాళికల గురించి, క్రమవిచలనం గురించి ఆ ఆడవాళ్లంతా ఏం విన్నారో నాకు తెలియదు. నా పరీక్ష మంచిగా కావాలని మాత్రం వాళ్లందరికీ ఉండేది.

పెళ్లికి ముందు కట్టిన రిజిస్ట్రేషన్ కాబట్టి నా పరీక్ష సెంటరు మహబూబాబాద్. కురవి దగ్గర మా అమ్మగారిల్లు. జనగామలో రైలెక్కి ముందురోజే వెళ్లాను. మా అమ్మ "ఈసారన్నా అయితదా?" అని అడగలేదు గాని, అడగకుండా ఉండడానికి ఆమె పడే అవస్థ చూస్తే అడిగినా బాగుండేదనిపించింది. పొద్దున్నే అత్తమ్మ ఫోను చేసింది. "కొంగుల బియ్యం ముడేసుకున్నవా? రాసేటప్పుడు కుడిచెయ్యి ఖాళీ ఉండాలె గద, ఎడమచేతిల పట్టు" అని చెప్పింది. దేవుడి విషయంలో ఎడమచేతికి ఒప్పుకుందంటే ఆమెకెంత ఆరాటంగా ఉందో నాకర్థమైంది.

ప్రశ్నపత్రం చేతికిచ్చారు. ముందు అంతా కొత్తగా కనిపించింది. కొంగు ముడి విప్పి బియ్యం ఎడమ గుప్పిట్లో పట్టుకున్నాను, కళ్లు మూసుకున్నాను. చెవుల్లో "ఊ" వినపడింది. రొట్టెల మనిషి వచ్చాడు, ఆయన వెంట ఆయన పెళ్లాం వచ్చింది. రాయడం మొదలుపెట్టాను. క్రమవిచలనం లెక్కలో సగం దారి దాటానో లేదో, పర్యవేక్షణకు వచ్చిన మేడం నా పక్కన ఆగింది.

"ఎడమచేతిలో ఏముందమ్మా?"

హాలంతా కలాలు ఆగాయి. చీటీ దొరికిందంటే కాగితం లాక్కుని బయటికి పంపుతారు, ఇక నా డిగ్రీ కథ అంతటితో సరి. గుప్పిట తెరిచాను. చెమటకు పసుపు కరిగి అరచెయ్యంతా పచ్చగా అయింది.

"ఏందివి?"

"అక్షింతలు మేడం."

"పరీక్షకు అక్షింతలేంది?"

ఏం చెప్పను? ఉల్లిగడ్డల బుట్ట దగ్గర మొదలుపెట్టి చెప్పాలంటే నా మూడు గంటలూ దానికే చాలవు. "మా అత్తమ్మ పట్టుకొమ్మంది" అన్నాను. మేడం ఒక గింజ తీసుకుని కళ్లద్దాలు పైకెత్తి అటూ ఇటూ తిప్పి చూసింది. బియ్యపుగింజ మీద పేరు రాసిచ్చేవాళ్లను జాతరల్లో చూసి ఉంటుంది, ఆమె తప్పు లేదు. ఇంకో గింజ చూసింది. ఆ తర్వాత రెండూ నా అరచేతిలోనే పెట్టి, నా గుప్పిట తన చేత్తో మూసింది. "కింద పోయకు, ఊడ్చేటోళ్లు తిడతారు" అని ముందుకు నడిచింది. ఆమెకు నేను ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

ఫలితం వచ్చేసరికి అత్తమ్మ భూపాలపల్లి నుంచి తిరిగొచ్చింది. మా ఆయన ఫోనులో చూసి, తప్పు చూశానేమోనని మళ్లీ చూసి, "ఇగ మా ఇంట్ల డిగ్రీ చదివేటోళ్లు ఎవలు లేరు" అన్నాడు. నేను ఏడ్చాను. అత్తమ్మ నా మొహం కొంగుతో తుడిచి, నేను తేరుకునేదాకా ఆగి, "మరి ఉద్యాపన?" అంది.

"దేనికి అత్తమ్మా?"

"ఇన్నొద్దులు బియ్యం పట్టి కతలింటిమి. నోము పట్టినంక తీర్చుకోవాలె గద. వాయినం ఇయ్యాలె."

"సారుకా? ఎట్లిస్తం?"

"సారుకు గాదు. సారు ఏం దీస్కోడని నువ్వే చెప్తివి. నువ్వు పుక్యానికి ఇన్నవు, ఇప్పుడు నువ్వు పుక్యానికి చెప్పాలె. గదే వాయినం."

ఎవరికి చెప్పాలని అడిగాను. ఆమె పీట తెచ్చి వేసింది. దాని మీద ఈసారి ఫోను పెట్టనివ్వలేదు, నన్ను కూర్చోమంది. అత్త కింద కూర్చుని కోడలు పీట మీద కూర్చోవడమేమిటని నేను నసిగితే "సారు కింద కూసుంటడా" అని కసిరింది. గిన్నెలోంచి బియ్యం గుప్పిట్లో పోసుకుని నా ఎదురుగా కూర్చుంది.

"గా చుక్క కత. నేను నడుమల లేసిపోయిన. నా జిందగీల నడుమల లేసిన కత గదొక్కటే బిడ్డా. గప్పటిసంది పానం కొట్టుకుంటాంది. సచ్చిపోయినంక ఏమైందో చెప్పు."

పరీక్ష హాల్లో కూడా నాకంత భయం వేయలేదు. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక ఆమె కథలు మొదలయ్యే తీరులోనే మొదలుపెట్టాను.

"అనగనగా ఒక చుక్క."

"ఊ."

"పుట్టింది, పెరిగింది, శాన ఏండ్లు మండింది. ముసల్దైంది. కడుపుల కాలెటిదంత అయిపోయింది."

"ఊ."

"ఒకనాడు పగిలిపోయింది."

ఊ రాలేదు. గుప్పిట బిగుసుకోవడం కనపడింది. నేను ఆగలేదు. ఎప్పుడూ ఓపిక లేని నేను, ఆ రోజు ఒక్కో మాట నెమ్మదిగా చెప్పాను.

"పగిలింది గని, అండ్ల ఉన్నది యాడికి పోలె అత్తమ్మా. దుమ్మై అంతట పరుసుకున్నది. గట్లనే శాన ఏండ్లు తిరిగింది. తిరిగి తిరిగి ఒక్కకాడికి జేరి గా దుమ్మే కొత్త చుక్కలైంది. మన భూమి గూడ గా దుమ్ములకెళ్లే అయింది. మన పత్తి చెల్క గూడ. నెత్తురు తక్కువైతె దవాఖానల ఇనుము గోలీలిస్తరు సూడుండ్రి, గా ఇనుము గూడ చుక్క కడుపులనే తయారైందట. చుక్క పగులకపోతె గది మన దాకా రాకపోవు."

అత్తమ్మ తన చేతి వంక చూసుకుంది. ముంజేతి మీద తేలిన నరాన్ని వేలితో తడిమింది.

"నా నెత్తుర్ల గూడనా?"

"మీ నెత్తుర్ల. మీ కొడుకు నెత్తుర్ల, మీ బిడ్డ నెత్తుర్ల, మీ మనుమరాలి నెత్తుర్ల."

ఆమె కంటి నుంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు. ఆ తర్వాత అంది, "ఊ" అని. నోము కథలకు, సార్లకు కొట్టిన ఊ కాదు అది, ఏదో బరువు దించి పక్కన పెట్టినట్టు నెమ్మదిగా వచ్చింది.

మోకాళ్ల మీద చేయి పెట్టుకుని లేచింది. గుప్పిట విప్పితే గింజలు అరచేతికి అతుక్కుని ఉన్నాయి. వాటిని ఇంకో చేత్తో రాల్చి నా నెత్తి మీద వేసింది.

"గిది సావు కత గాదు బిడ్డా" అంది.

గింజలు నా భుజాల మీదుగా గడప దగ్గర రాలాయి. వాటి కోసం కోళ్లు దగ్గరికొస్తే అత్తమ్మ చేయి ఊపి అదిలించింది.